కదపని బిందె

నిన్న పొద్దుగాల పై అంతస్తు నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికొచ్చి, అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టుకునే జాగాలకు చిట్టీలు తీస్తున్నమని, అందరికంటె పెద్దోన్ని, పైగా లెక్కలు చెప్పి రిటైరైనోన్ని కాబట్టి నేను వచ్చి కుర్చీల కూసుంటె చాలని, ఇంక ఎవ్వరికీ అనుమానముండదని మర్యాదగ అడిగిండ్రు. నేను రానన్న. మోకాళ్లు నొస్తున్నయని సాకు చెప్పిన. లిఫ్టున్నది గద సారూ అన్నరు. లిఫ్టున్నా రానన్న. జర గట్టిగనే అన్నట్టున్న, పాపం మొఖాలు చిన్నబుచ్చుకొని వెళ్లిపోయిండ్రు. మా ఇంటామె వంటింట్ల నుంచే, నలుగురిల బతికేటప్పుడు గింత ముక్కుమీద కోపమైతె ఎట్ల అని గొణిగింది. కోపమైతె మంచిగనే ఉండు. అది భయం. ఏడెనిమిదేండ్ల కింద అట్లనే మర్యాదగ అడిగితె పోయి కుర్చీల కూసున్న, ఆ కూసున్నందుకు ఏమైందో మా ఇంటామెకు కూడ పూర్తిగ తెల్వదు.

ఈ సంగతి నా ఈడోళ్లకే చెప్పుకోవాలె. ముప్పై ఒక్క ఏండ్లు సర్కారు జూనియర్ కాలేజీలల్ల లెక్కలు చెప్పిన నేను, సగం పాలమూరు దిక్కు, సగం ఈ నల్లగొండ దిక్కు. తెలుగు మీడియం పిల్లలు, ఎండల నడిచొచ్చి చెమటతోని బెంచీల కూసునే పిల్లలు. వాళ్లకు చెప్పే పాఠాలల్ల నాకు పానమంత ఇష్టమైనయి రెండే, సంయోగాలు, సంభావ్యత. పుస్తకంల అన్నీ ఎర్రబంతులు, నల్లబంతులు, పేకముక్కలే ఉంటయి. మా పిల్లలకు బంతులు ఎక్కడియి? పేకముక్కలు తెలుసు గని తెలుసని సారు ముంగట ఒప్పుకోరు. అందుకని నేను సీతాఫలాల గంప పెట్టేటోన్ని. పాలమూరు దిక్కు చలికాలం మొదలైతె ఏ బస్టాండ్ల చూసినా గంపలే గద. గంపల ఇరవై పండ్లున్నయి, అండ్ల నాలుగు పురుగుయి, చూడకుండ మూడు తీస్తె మూడూ మంచియే అయ్యే అవకాశమెంత? ఇరవైల నుంచి మూడు పండ్లను పదకొండు వందల నలభై తీర్ల తియ్యొచ్చు. మంచి పండ్లు పదహారిట్ల నుంచి మూడింటిని తీసే తీర్లు ఐదు వందల అరవై. అంటె సగానికి జర తక్కువ. మూడొంతుల కంటె ఎక్కువే మంచియున్న గంప ముంగట కూసున్నా సగం సార్లు పురుగు చేతికొస్తదా అని పిల్లలు నోరు తెరిచి చూసేటోళ్లు, ఆ చూపు కోసమే నేను ఆ పాఠం చెప్పేటోన్ని కావచ్చు.

పుస్తకంల ప్రతి లెక్క మొదట్ల ఒక మాట ఉంటది, ‘బాగుగా కలిపిన’ అని. బాగుగా కలిపిన పేకకట్ట నుంచి, బాగుగా కలిపిన సంచిల నుంచి. పరీక్ష ముంగట పిల్లలు లెక్కంత ఒక్క ఊపుల చదువుతుంటె, ఆ మాట ఇడిసిపెట్టుండ్రి, అది లెక్కకు అక్కెర రాదు, కింద అంకెలు చూడుండ్రి అని చెప్పింది నేనే. ఎంతమంది పిల్లలకు చెప్పిన్నో.

నా ఆఖరి పోస్టింగు మోత్కూరుకు అవతల ఒక మండల కేంద్రంల. పేరు రాయను, అక్కడ నన్ను ఇంకా సారని పిలిచేటోళ్లున్నరు. ఆ కాలేజీల ఊడ్చి, కుండలల్ల నీళ్లు నింపి, గంటకొట్టే ఒకామె ఉండె. నాకంటె పన్నెండేండ్లు చిన్నది, చెల్లె అని పిలిచేటోన్ని. వాళ్ల నాయిన పటేండ్ల ఇంట్ల పాలేరు లెక్క జీతమున్నోడట, ఈమె ఏడో తరగతి దాక చదివి, ఆ చదువుతోనే ఈ కొలువు సంపాయించుకున్నది. ఆదివారం తెల్లచీర కట్టుకొని చర్చికి పోయేది, సోమవారం నేను క్లాసుకు రాకముందే నల్లబోర్డు తడిబట్టతోని తుడిచి మెరుపు తెచ్చేది. ఆమె పెనిమిటి మేస్త్రి. షాద్‌నగర్ దిక్కు షెడ్లు కట్టేకాడ పరంజా మీదికెల్లి పడి నడుం కింద చచ్చుబడి మంచంల పడ్డడు. ఇల్లేమో మట్టిగోడలది, మీద గూన పెంకలు, చర్చి గల్లీల ఆఖరిది. మంచం వెనక గోడ లోపలికి ఉబ్బింది. ఆ మనిషి పండుకున్నకాడి నుంచే చెయ్యిచాపి వేళ్లతోని గోడను కొట్టి చూసి, ఇది ఇంక రెండు వానకాలాల కంటె నిలువది అన్నడట. ఊళ్లె సగం ఇండ్లకు గోడలు లేపినోడు, ఆయన మాట తప్పుతదా?

రాష్ట్రమొచ్చిన మూడునాలుగేండ్లకు ఆ ఊరికి డబుల్ బెడ్రూం ఇండ్లు పన్నెండు వచ్చినయి. ఊరవతల తెల్లసున్నం కొట్టి వరుసగ కట్టిండ్రు, సాయంత్రం పూట జనం పోయి కిటికీలల్లకెల్లి తొంగి చూసొచ్చేటోళ్లు. అర్హులని తేలింది అరవై మంది. నాలుగు వాడలు, వాడకు పదిహేను మంది, చర్చి గల్లి, బాయికాడి వాడ, పాత బజారు, బస్టాండు దిక్కు. అందరూ లేనోళ్లే, ఒకరిని తీసెయ్యతందుకు లేదు. అందుకని గ్రామసభల చిట్టీలు తియ్యాలని నిశ్చయమైంది.

ఆ వారంల ఒకరోజు నేను చాక్‌పీసులు తీసుకుంటుంటె ఆమె చీపురు పక్కన పెట్టి, “సారూ, నాకొస్తదా?” అని అడిగింది.

నాకు సంబరమైంది, చెప్పొద్దూ. ముప్పై ఏండ్లల్ల నా పాఠం ఒకరి బతుకుకు పనికొచ్చుడు అదే మొదలు. అక్కడే బల్లమీద రాసి చూపిచ్చిన. అరవై మందిల నుంచి పన్నెండు మందిని ఎన్ని తీర్ల తియ్యొచ్చు, అండ్ల నీ పేరున్న తీర్లెన్ని, దాన్ని దీంతోని భాగిస్తె అరవైల పన్నెండు, అంటె అయిదిట్ల ఒక్కటి. ఆమె ఆ కాగితాన్ని చూసింది, నన్ను చూసింది.

“అరవైల ఒకటి అనుకుంటున్న సారు నేను. అయిదిట్ల ఒకటంటె శాన ఉన్నట్టే గద!”

ఆ రోజు నుంచి ఆమె నడక మారింది. మంచం ఏ గదిల వెయ్యాలె, ఆయనకు కిటికీ కనపడేటట్టు తలాపు ఎటు పెట్టాలె అని నాతోనే సలహాలడిగేది. గ్రామసభ నాడు మందిల లేచి నిలబడి, మా లెక్కల సారు కుర్చీల కూసుంటేనే చిట్టీలు తియ్యాలె, లేకుంటె మేమొప్పుకోమని గట్టిగ చెప్పిందట. చర్చి గల్లోళ్లంత అవునన్నరు. అట్ల నన్ను పిలిచిండ్రు.

చిట్టీలు తీసింది బడి ఆవరణల, ఎండ నడినెత్తికొచ్చే యాళ్ల. అరవై చిట్టీలు నేనే లెక్కపెట్టిన, మడిచి పిన్నులు కొట్టంగ దగ్గరుండి చూసిన. వాడకొక కవరు. ఒక స్టీలు బిందె తెచ్చి, జాబితాల ఉన్న వరుస తీర్గనే ముందు చర్చి గల్లి కవరు, దాని మీద బాయికాడి వాడది, దాని మీద పాత బజారుది, ఆఖరుకు బస్టాండు దిక్కుది కుమ్మరిచ్చిండ్రు. దీంట్ల ఎవరి కుట్ర లేదు, ఏ పుస్తకం మీద పెట్టి ప్రమాణం చెయ్యమన్నా చేస్త. జాబితాల ముందున్నోళ్లు అడుక్కు పోయిండ్రు, గంతే.

పంచాయతిల పన్నుల లెక్కలు రాసే కారోబారు మంచోడు, భక్తి ఎక్కువ. పేదోళ్ల ఇండ్ల పని శుభంగ జరగాలని బిందె మెడకు పసుపుదారం కట్టి, కుంకుమ పెట్టి, మూతిచుట్టు మామిడాకులు చెక్కి, దేవుని పటం ముంగట బియ్యం పోసి దాని మీద నిలబెట్టి కొబ్బరికాయ కొట్టిండు. నేను ఆ హడావుడంత చూస్తనే ఉన్న. అంతా అయినంక, ఇగ కలుపుదామని లేచి బిందె మెడ పట్టుకున్న. ఒక్క చెయ్యే పట్టిన, ఇంకా కదపనేలేదు.

“సారూ! కలశం లెక్క కూసోబెట్టినదాన్ని కదుపుతరా ఎవలన్న?” అని ముందు వరుసల ఒక ముసలాయన లేచిండు.

వెనకనుంచి ఇంకో గొంతు, ఎవలదో ఇప్పటికీ తెల్వదు, “చెయ్యి పెట్టనియ్యకుండ్రి, ఎవలి చిట్టి మీదికి తెస్తడో!” అన్నది.

నవ్విండ్రు కొందరు. నా ఒళ్లు మండింది. ముప్పై ఏండ్లల్ల ఒక్క మార్కు ఎక్కువ వేసినోడని గని, తక్కువ వేసినోడని గని అనిపిచ్చుకోని మనిషిని, నన్ను పట్టుకొని గంత మాటా? చెయ్యి తీసిన. తీసి, కుర్చీల వెనక్కి జారగిలబడి, చేతులు కట్టుకొని, కానియ్యుండ్రి అన్న. కలపని చిట్టీలతోని సంభావ్యత లేదని, ఆ ఒక్క మాట మీదనే పాఠమంత నిలబడి ఉన్నదని ఆ ఆవరణల తెలిసినోన్ని నేనొక్కన్నే. తెలిసి మూతి ముడుచుకొని కూసున్న. ఇది రాస్తుంటె ఇప్పుడు సిగ్గయితున్నది.

చిట్టీలు తీసింది ఊళ్లె అందరికంటె పెద్ద అవ్వ, కండ్లు దాదాపు పోయినయి, ఆమెను ఎవ్వరూ అనుమానపడరని ఎంచుకున్నరు. అవ్వ చెయ్యి బిందె మూతిల మోచేతి దాక పోయేది, వేళ్లకు ఏది తగిలితె అది పట్టుకొని వచ్చేది. మొదటిది బస్టాండు దిక్కు. రెండోది అదే. మూడోది, నాలుగోది, అయిదోది అదే. నేను లోపల్లోపల గుణించుడు మొదలుపెట్టిన, అలవాటు గద. ఏడో చిట్టికి గుణించుడు ఆపిన. అప్పుడు లేచి ఆపితె అయిపోవు. ఆపితె, తనోళ్లకు రాలేదని సారు కొట్లాడుతున్నడంటరు, ఇందాక అన్న గొంతే మళ్ల అంటది అనుకున్న. పన్నెండు అయిపోయినయి. బస్టాండు దిక్కుకు పది, పాత బజారుకు రెండు. చర్చి గల్లికి, బాయికాడి వాడకు ఒక్కటి లేదు. నా సమక్షంల నిష్పక్షపాతంగ జరిగినట్టు కాగితం రాసి నా ముంగట పెట్టిండ్రు. సంతకం పెట్టిన. మంచి దస్తూరి నాది.

తెల్లారి ఆదివారం, ఇంట్ల కూసొని పూర్తిగ చేసిన లెక్క. అరవైల నుంచి పన్నెండు తీసే తీర్లు లక్షా ముప్పైతొమ్మిది వేల తొమ్మిది వందల కోట్ల పైచిలుకు. అడుగున ఉన్న రెండు వాడల ముప్పై మందిల ఒక్కరు కూడ రాకుండ, పై ముప్పైల నుంచే పన్నెండూ వచ్చే తీర్లు ఎనిమిది కోట్ల అరవై నాలుగు లక్షల చిల్లర. భాగిస్తె పదహారు వేల సార్లల్ల ఒక్కసారి. అది కూడ బాగ కలిపితె. మూడుసార్లు చేసిన, మూడుసార్లు అదే వచ్చింది. అయినా మనసు ఒప్పక, మా ఇంట్ల ఉన్న అదే తీరు బిందె తెచ్చి, పాత జవాబు పత్రాలు చింపి అరవై చిట్టీలు చేసి, నంబర్లు వేసి, వరుసగ కుమ్మరిచ్చి, మా ఇంటామెను పిలిచి కండ్లు మూసుకొని పన్నెండు తియ్యమన్న. పప్పు మాడుతుంటె ఇదేం ఆట అని తిట్టుకుంటనే తీసింది. పన్నెండూ ముప్పై పైనంబర్లే. ఆమె చేతులు కడుక్కొని పొయ్యికాడికి పోయింది, నేను ఆ చిట్టీల మధ్య నేల మీద శానసేపు కూసున్న.

ఉత్తరం రాసిన, రెండు కాగితాలు. చిట్టీలు కలపలేదు, తప్పు నాది, మళ్ల తియ్యాలె అని. సంచిల పెట్టుకొని మండలాఫీసు దాక పోయిన. అక్కడ పట్టా కాగితాల కోసం పన్నెండు ఇండ్లోళ్లు నిలబడి ఉన్నరు, అండ్ల ఒక చిన్నవయసు విధవ, ఇద్దరు ఆడపిల్లల్ని చెరో చేత పట్టుకొని, నన్ను చూసి నవ్వి దండం పెట్టింది. ఉత్తరం ఇస్తె ఆమె ఇల్లు పోతది. వెనక్కి తిరిగొచ్చిన. ఆ తల్లి కోసమే ఆగిన్నని శానేండ్లు నాకు నేను చెప్పుకున్న, అది సగమే నిజం. ఉత్తరం ఇస్తె నా సంతకం అబద్ధమని ఊరంత తెలుస్తది, అది మిగతా సగం.

చెల్లె మాత్రం సోమవారం మామూలుగనే వచ్చి నల్లబోర్డు తుడిచింది. రాలేదు సారు అన్నది, గంతే. తర్వాత మంచం సంగతి, కిటికీ సంగతి ఎత్తలేదు.

ఆ వానకాలం గడిచింది. దాని మీది వానకాలం నాలుగు రోజులు ఎడతెగకుండ ముసురు పట్టింది. అయిదో రోజు పొద్దున పది దాటినంక, ఆమె వరండాల నిలిచిన నీళ్లు చీపురుతోని తోస్తుంటె, గల్లోళ్లు ఇద్దరు గొడుగులు కూడ లేకుండ ఉరికొచ్చిండ్రు. చీపురు అక్కడే పడేసి ఉరికింది. నేను వెనక పోయిన. ఉబ్బిన గోడ లోపలికి పడ్డది, మంచం మీద. మీద పెంకలు, దూలం. పదిమంది చేతులతోని తడిమట్టి తోడిండ్రు, పారలు వాడతందుకు భయపడ్డరు. బయటికి తీసేసరికి పానం లేదు. ఆ మనిషి కుడిచెయ్యి చాపి ఉన్నది గోడదిక్కు, ఆపుదామనుకున్నడో ఏమో.

మట్టి చేసినంక సమాధుల దొడ్ల నేను ఒక పక్క నిలబడి ఏడుస్తున్న. మగోన్ని, అందరి ముంగట, ఆగలేకపోయిన. ఆమె నా దగ్గరికి వచ్చి నన్నే ఓదార్చింది.

“ఏడువకు సారు. నువ్వు కూసోంగ తీసిన చిట్టీలు, అన్యాలం ఎట్లయితది? నా నసీబ్ల లేదు, గంతే.”

ఆ తర్వాత రెండేండ్లకు రిటైరైన, సన్మానం చేసిండ్రు, శాలువా కప్పిండ్రు, న్యాయం తప్పని మనిషి అని ఒకాయన మాట్లాడిండు, ఆమె వెనక తలుపుకాడ నిలబడి చప్పట్లు కొట్టింది. అది కూడ కూసొని విన్న.

పోయిన వానకాలం ఆమె కంటి ఆపరేషన్ కోసం నల్లగొండ దవాఖానకు వచ్చి, పగటిపూట మా ఇల్లు వెతుక్కుంట వచ్చింది. వయసు కంటె ఎక్కువ ముసలిదైంది. కిరాయి గదిల ఉంటున్ననని, కాలేజీ కొలువు ఇంకా నడుస్తున్నదని చెప్పింది. మా ఇంటామె బజారుకు పోయింది. ఇంక ఎన్నేండ్లుంట నేను, ఈ ముల్లు తీసుకోకుండ పోతనా అనుకొని, చెప్పేసిన. బిందె, పసుపుదారం, నేను చెయ్యి తీసుకున్నది, పదహారు వేలల్ల ఒకటి, ఉత్తరం, అంతా. చెప్పి, తేలికైతనని చూసిన.

ఆమె నెమ్మదిగ, “ఎందుకు చెప్పినవ్ సారు? నసీబనుకొని పండుకుంటున్న గద ఇన్నొద్దులు. ఇప్పుడు ఎవల మీద కోపం తెచ్చుకోను?” అన్నది.

నా మీదనే తెచ్చుకో చెల్లె అన్న. ఆమె ఒక్కటే అడిగింది.

“కలిపితె నాకొచ్చునా?”

ముప్పై ఒక్క ఏండ్లు అబద్ధపు జవాబు బోర్డు మీద రాయనోన్ని. చెప్పలేను చెల్లె, కలిపినా అయిదిట్ల ఒక్కటే, నాలుగు వంతులు రాకపోవు అన్న. ఓదార్పు అనుకొనే అన్న, దేవుడు చూస్తున్నడు.

“ఆ ఒక్కటే గద సారు మాకున్నది,” అన్నది ఆమె. “అది కూడ ఇయ్యకపోతివి.”

మా ఇంటామె వచ్చి చాయ్ పెట్టేలోపు లేచి చెప్పులు తొడుక్కున్నది. ఆటో దాక వస్తనంటె వద్దన్నది.

ఇప్పుడు ఊర్లల్ల బిందెలు, అవ్వలు పోయినయి. కంప్యూటర్ల బటన్ ఒత్తుతరు, తెర మీద పేర్లు పడతయి, కలిసినయా లేదా అని అడిగేటందుకు ఎవలకూ ఎవలూ కనపడరు. మంచిదే కావచ్చు. మా కాలంల మాత్రం ఒక మనిషిని కుర్చీల కూసోబెడితె చాలు, న్యాయం వచ్చి కూసున్నట్టే అని నమ్మేటోళ్లు, ఆ నమ్మకాన్ని మోసేంత మనిషిని నేను కాకపోతి. తప్పు ఒప్పుకుంటె బరువు దిగుతదని పెద్దలు చెప్పంగ విన్న గని, దిగిన బరువు ఎక్కడికి పోతదో ఎవలూ చెప్పలేదు. ఆమె మీద పెట్టిన నేను.

ప్రతి క్రిస్మస్‌కు ప్రార్థన కాంగనే చెల్లె ఫోన్ చేసి, సారూ, తిన్నవా, పానం మంచిగున్నదా అని అడిగేది. మొన్న క్రిస్మస్‌కు పొద్దుగాల్నించి ఫోన్ పక్కన పెట్టుకొని కూసున్న. పగటాల దాటింది. మా ఇంటామె అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచింది. నేనే చేద్దామని నంబరు తీసిన, చేసి ఏమనాలె? ఫోన్ బల్ల మీద పెట్టి పోయి చేతులు కడుక్కున్న.